మూడో రోజు తలుపు

అరవనీ. మీ చెల్లెలు తెరీజాని గొంతు పోయేదాకా అరవనీ. "వదినా తలుపు తియ్యి, అబూనా ఎండలో నిలబడ్డారు" అంట. నిలబడనీ. పాదిరి అయితే ఏం, ఈ మల్లవీ ఊరి ఎండ ఆయనకి కొత్తా?

నేను తియ్యను వహ్బా. ఏంటి, పేరు పెట్టి పిలిచానని ఉలిక్కిపడ్డావా? ఇన్నేళ్ళూ అబూ నర్గిస్, నర్గిస్ నాన్నా అంటూ కూతురి పేరు చాటునే పిలిచాను కదా మరి. ఇప్పుడు లేచొచ్చి నన్నేం చేస్తావు? అక్కడే కూర్చో, ఆ బల్ల మీద. బతికున్నప్పుడు రోజంతా దాని మీదే కదా కూర్చునేవాడివి.

ఉన్నావని నాకు తెలుసులే. చచ్చినోడి ఆత్మ మూడో రోజు దాకా ఇంట్లోనే తిరుగుతుందని మా అమ్మ చెప్పేది. మూడో రోజు అబూనా వచ్చి ధూపం వేసి, ప్రార్థన చదివి, గదుల్లో నీళ్ళు చల్లితేనే ఆత్మకి సెలవు. అప్పుడు గానీ పైకి పోదు.

అందుకే పొద్దున అందరూ సమాధుల దగ్గరికి బయల్దేరితే నేను మోకాళ్ళ నొప్పులన్నాను. వాళ్ళు సందు మలుపు తిరిగారో లేదో, గడియ పెట్టేశాను. నా పెళ్ళినాటి పెట్టె కూడా తలుపుకి అడ్డంగా లాక్కొచ్చాను. అబ్బ, నడుం విరిగిందనుకో.

ఇక నీకు ధూపమూ లేదు, నీళ్ళూ లేవు. నాతో పాటు ఇక్కడే పడుండు. తాళం వేసిన ఇంట్లో బతకడం ఎట్లా ఉంటుందో నువ్వూ చూడు.

ఎందుకింత కక్ష అంటావా? నిజంగా తెలీదా నీకు? ఊరు మంచిది కాదు, కాలం మంచిది కాదు అంటూ బయటినుంచి తాళం వేసుకుని తాళంచెవి నీ పొడుగు గలాబియా అంగీ జేబులో పడేసుకుని పోయేవాడివి. సరే, మొగుడు కదా, అలవాటైపోయింది. కానీ ఆ రోజు?

ఆ రోజు నువ్వు అస్యూత్ సంతకి పోయావు. వెనక సందులో శోకాలు మొదలయ్యాయి. ఎవరో ముసలామె పోయిందనుకున్నాను. కిటికీ కింద నిలబడి ఆడవాళ్ళు చెప్పారు, బహీగా, మీ అమ్మేనే, రావే, అని. ఎట్లా రాను? తలుపు గుద్దాను. చేతులు వాచేదాకా గుద్దాను. తాళం పగలగొట్టమంటే మగాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. వహ్బా ఇంటి తాళం ముట్టుకునే దమ్ము ఎవడికుంది?

చివరికి అమ్మ శవపెట్టెని ఈ కిటికీ కిందినుంచే మోసుకుపోయారు. కిటికీ చెక్కల సందులోంచి పెట్టె మీది సిలువ ఒక్కటే కనబడింది నాకు. మా అమ్మ మొహం కనబడలేదు.

సాయంత్రం నువ్వొచ్చావు. నేను అన్నం ముట్టకుండా మూల కూర్చుంటే ఏమన్నావు? "చచ్చినామె ఎట్లాగూ చచ్చింది, నువ్వొస్తే లేచేదా?" అన్నావు. ఆ మాటని నేను ఇన్నేళ్ళూ నమిలాను వహ్బా. మింగలేదు, ఉమ్మలేదు.

పైవాడు చూస్తున్నాడులే అనుకున్నాను. నేను ఉపవాసాలన్నీ భక్తితో ఉన్నాననుకున్నావా? నెయ్యి లేకుండా, మాంసం లేకుండా, ఉడకబెట్టిన బాకలా చిక్కుడు గింజలు తిని, తెల్లారకముందే, నీ తాళం పడకముందే చర్చికి పోయి నిలబడి, నేను అడిగింది ఒక్కటే. ఈ మనిషిని ఊరికే వదలొద్దు తండ్రీ, అని.

ఏమైంది? లాభం లేదని ఆస్పత్రివాళ్ళు ఇంటికి పంపగానే అబూనా యొస్తోస్‌ని పిలిపించుకున్నావు. నన్ను బయటికి పొమ్మన్నావు. గోడవతల కూర్చుని విన్నాను నీ ఏడుపు. ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చావు. నాకు ఆశ పుట్టింది, దాచడమెందుకు. ఇప్పుడు పిలుస్తాడు, ఇలా రా అంటాడు, ఆ ఒక్క మాట అంటాడు, అనుకున్నాను.

అబూనా బయటికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "సంతోషించమ్మా, దేవుడు క్షమించేశాడు. ఆయన ప్రేమతో పట్టుకున్నవాణ్ణి ఇక ఎప్పటికీ వదలడు" అన్నాడు. నేను లోపలికొచ్చాను. నువ్వు నన్ను చూసి నిమ్మరసం అడిగావు.

నిమ్మరసం.

తాళం వేసింది నా మీద. తల్లి పోయింది నాకు. నన్నడక్కుండా క్షమించడానికి ఆయనెవరు? అవును, దేవుణ్ణే అంటున్నాను. ఇన్నేళ్ళు ఆయన కాళ్ళ దగ్గర నేను పడుంటే, నువ్వు ఆఖరి రోజు నాలుగు కన్నీళ్ళు కార్చి ఆయన ఒళ్ళో ఎక్కి కూర్చున్నావు. ఆయన కూర్చోబెట్టుకున్నాడు. మీ మగాళ్ళంతా ఒక్కటే.

ఉష్. అబూనా మాట్లాడుతున్నాడు. ఉండు, విననీ.

...విన్నావా ఏమంటున్నాడో? నా పన్నాగం తెరీజా కనిపెట్టేసినట్టుంది. "వహ్బాని బంధించావా అమ్మా?" అని అడుగుతున్నాడు. బంధించాననే చెప్పాను. నవ్వాడు. ఆయన నవ్వితే నాకు ఒళ్ళు మండింది. "నీ మొగుడు కళ్ళు మూసిన క్షణమే వెళ్ళిపోయాడమ్మా. పట్టుకెళ్ళిన దేవుడికి నీ గడియ అడ్డమా? నేను వచ్చింది వహ్బా కోసం కాదు. లోపల మిగిలినదాని కోసం" అంటున్నాడు.

అంటే? ఇంతసేపూ నేను ఖాళీ బల్లతో మాట్లాడుతున్నానా? వహ్బా? ఒక్కసారి దగ్గు. ఆ బల్ల కిర్రుమనిపించు.

చూశావా. నువ్వు పోయావు, మళ్ళీ లోపల మిగిలింది నేనే. ఈసారి గడియ నా చేత్తో నేనే పెట్టుకున్నాను.

అబూనాకి గట్టిగానే చెప్పాను. అయితే ఆ దేవుణ్ణి నన్ను వదిలెయ్యమనండి, వహ్బాని ఎత్తుకున్న చేత్తో నన్ను ముట్టుకోవద్దనండి, నాకా ప్రేమ అక్కర్లేదు, అన్నాను. బయట మీ చెల్లెలు సిలువ గుర్తు వేసుకునుంటుంది.

దానికి అబూనా అన్నాడు. "చెబుతానమ్మా. కానీ వినడు. వహ్బాని వదల్లేనివాడు నిన్నెట్లా వదులుతాడు? నువ్వు తిట్టు, తలుపేసుకో. ఆయన అక్కడే ఉంటాడు" అని.

ఏం మనిషి ఈ దేవుడు. కోపమొచ్చి లేచిపోదామన్నా పోనివ్వడు.

సరే. నిన్ను వదలడు, నన్నూ వదలడు. అంటే ఆయన దగ్గరికి ఇద్దరం పోవాల్సిందే. ఒకటి చెప్పనా? అక్కడ నీ జేబులో తాళంచెవి ఉండదు. సంతకి పోవాలని తప్పించుకోలేవు. ఒంట్లో బాలేదని గోడవైపు తిరిగి పడుకోలేవు. నేనొస్తాను, మా అమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొస్తాను, ఆయన ఎదురుగానే నిలబెట్టి అడుగుతాను. తప్పయిందని నీ నోటితో నువ్వు చెప్పేదాకా అడుగుతూనే ఉంటాను. అక్కడ నాకేం తొందర?

వస్తున్నా తెరీజా, ఆగు. ఈ పెట్టె జరపాలి.

నువ్వు నరకంలో పడాలని పొద్దుటిదాకా కోరుకున్నాను వహ్బా, ఒట్టు. ఇప్పుడొద్దు. ఆయన నిన్ను గట్టిగానే పట్టుకోనీ. ఆయన వదిలేస్తే నిన్ను నేనెక్కడని వెతుక్కోను?