రెండు వేళ్ల వదులు

నార్కట్‌పల్లి హైవే పక్క షెడ్డులో, కొత్త క్లచ్ వేసిన కారు కింద నుంచి మెకానిక్ బయటికొచ్చాడు. ఓనరు డ్రైవర్ సీట్లో కూర్చుని పెడల్‌ను కసిగా తన్నుతున్నాడు.

"తొక్కంగనే అందుతలేదేంది? గుంజి బిగియ్యి."

"వద్దన్నా. పెడల్ రెండు వేళ్లంత ఉత్తగ దిగాలె. గా వదులు లేకుంటె కొత్త ప్లేటు జారి కాలిపోతది. బండి నడిమిట్ల ఆగుతది."

"ఆగితే నీ తల పలుగుతది."

"గంత తొందరేందన్నా? యాడికి?"

"కట్టంగూర్. నా చెల్లె మొగడు దాని చెయ్యి ఇరగ్గొట్టిండు. ఇయ్యాల వాని మెడ నరుకుత."

"కోపంల అంటున్నవులే."

"ఎనుక సీటు కింద చూడు."

గోనెసంచిలో గొడ్డలి ఉంది. అప్పుడే నూరినట్టు అంచు తళతళలాడుతోంది. మెకానిక్ చెయ్యి జేబులోని ఫోన్ మీదికి పోయింది.

"ఫోన్ తీసినవనుకో, ముందు నువ్వే పోతవ్."

మెకానిక్ స్పానర్ పట్టుకుని మళ్లీ కారు కిందికి దూరాడు. క్లచ్ కేబుల్ నట్టును తిరిగినంత దాకా బిగించాడు.

"ఇప్పుడు తొక్కు అన్నా."

"ఇగో, గిట్లుండాలె! కట్టంగూర్ దాక పోతదా?"

"పోతది," అన్నాడు మెకానిక్, చేతులు తుడుచుకుంటూ. "ఫుల్ రేసియ్యి. యాడా తగ్గకు."