చిల్లా స్నానం

పిల్లల వార్డు వరండా. లోపల నెలన్నర పసివాడికి సెలైను ఎక్కుతోంది. బయట తల్లి నూరున్నీసా, ఆమె తల్లి జన్నత్ బీ.

"ఆ మనిషి పేరెత్తకు అమ్మీ."

"మొగుణ్ణి అలా అనకూడదే నూరూ. అయూబుకేటి తెలుసు?"

"డాక్టరు సెప్పింది ఇని సెప్పడానికి ఏటి తెలియాలి? మొదటిసారి ఇక్కడ సేర్చినప్పుడు, గొంతులో దూది పెట్టి తీసిన పరీక్షలో వైరస్ తేలింది, భయం నేదు, ఇంటికెళ్ళిపొమ్మన్నారని కబురెట్టాడా నేదా? నువ్వే కదా వచ్చి సెప్పినావు."

"సెప్పినాను. ఆ మాటే సెప్పినాను."

"జలుబు లాంటిదే, దానంతటదే పోతాదన్నావు."

"రోగం పేరు తెలిసిపోయింది కదే. ఇంక భయమేటి అనుకున్నాం."

"ఇప్పుడు పాలు తాగడు. ఏడవడానికి కూడా ఓపిక నేదు ఆడికి."

"అల్లా సూసుకుంటాడు. కాస్త టీ తాగు."

"నాకొద్దు."

"దిష్టే ఇది. చిల్లాకి, ఆ నలభయ్యో నాటి స్నానానికి, మన పూర్ణా మార్కెట్ పేటంతా వచ్చి సూసింది."

"పిలిచింది నువ్వేగా."

"తొలి మనవడు, పిలవనా? పొట్టేలు కూడా కొనీసినారు మీ నాన్న. అందరికీ సెప్పీసినాక ఆపితే పరువేటి మిగుల్తాది?"

"ఆ రోజు ఆ మనిషి నా మొహం సూడలేదు. గాజువాక నుంచి వచ్చి, ఓ మూల కూకుని, తినకుండానే పోయాడు. తప్పు సేసినోడు మొహం ఎలా సూపిస్తాడు?"

"పోనీవే. తవ్వకు."

"బాబు తల్లి ఎవరమ్మా?"

"నానే సిస్టరమ్మా. ఎలాగున్నాడు?"

"ఉన్నాడు. ఉచ్చలో వేరే సూక్ష్మజీవి పెరిగింది. రక్తంలోకీ పాకింది."

"వైరస్ అన్నారు కదండీ?"

"వైరసూ ఉంది, ఇదీ ఉంది. వీధి గుమ్మంలో ఒక దొంగ దొరికాడని పెరటి తలుపు తీసి పడుకుంటామా? ఇంత పసివాళ్ళలో రెండూ ఉండొచ్చు, మిగతా పరీక్షలు తేలేదాకా ఇంజెక్షన్లు ఆపకూడదని డాక్టరుగారు ఆ రోజే ఇక్కడ నిలబడి చెప్పారు."

"మాయాయనకా?"

"ఆయన డ్యూటీలో ఉన్నాడు కదా. ఈ పెద్దావిడకి."

"ఏదో సెప్పినారు. నాకంత గుర్తు నేదు."

"గుర్తు లేదా? స్నానం అయ్యాక మళ్ళీ తీసుకొస్తాం, కుదరదా అని నన్ను వెంటపడి అడిగావే."

"అమ్మీ?"

"స్నానం కానిచ్చి తెచ్చీవోళ్ళమే నూరూ. పిల్లాడు బాగానే కనిపించాడు."

"మాయాయన కబురెట్టాడన్నావు."

"ఆ సాయంత్రం ఆయనే వచ్చాడమ్మా. గేటు కాడ నా చేతులు పట్టుకున్నంత పని చేశాడు, పంపకండి సిస్టర్ అని. తల్లే ఉండనంటంది, అన్నం మానేసి ఏడుస్తంది అని చెప్పి ఒప్పించింది ఈవిడే."

"నాను ఏడవలేదు."

"నూరూ, ఇలా సూడు నా వైపు."

"ఉండననలేదు నాను."

"అమ్మా, తర్వాత మాట్లాడుకోండి. ఆ సూక్ష్మజీవి మెదడుకి పాకిందేమో చూడాలి, వెన్ను దగ్గర నీళ్ళు తియ్యాలి. సంతకం ఎవరు పెడతారు? పెద్దవాళ్ళు ఉన్నారుగా, మీ అమ్మగారు పెట్టినా..."

"గాజువాక కబురెట్టండి సిస్టరమ్మా, ఆడి నాన్న వత్తాడు. అందాకా నాను పెడతాను. నా వైపు నుంచి పెద్దోళ్ళెవరూ రాలేదు."