తుంగ దీవిలో పన్నెండో వంతు

టిటికాకా సరస్సు ఒడ్డున, పడవల రేవు పక్కనే హెర్మెలిందా టీ బండి. పొద్దు వాలుతుంటే సెలెడోనియో బల్ల మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని మొదలుపెట్టాడు.

"గొప్పలు చెప్పుకోవడం నాకు గిట్టదు గానీ, ఆ లుహానో అన్నదమ్ముల పంపకం తేల్చింది మాత్రం నేనే. తుంగ పేర్చి కట్టుకున్న తేలే దీవి వాళ్లది. పోతూ పోతూ వాళ్ల ముసలి తండ్రి ఏమన్నాడూ? పెద్దోడికి సగం, చిన్నోడికి పావు, కూతురు ఇలారియాకి ఆరో వంతు. ఎలా పంచినా కాస్త మిగులుతోంది! అది నాదంటే నాదని అన్నదమ్ములిద్దరూ రంపాలు పట్టుకుని ఇలారియా గుడిసె మధ్యలోంచే కోయబోయారు. చంటిపిల్లని ఎత్తుకుని గుమ్మంలో వణికిపోతోంది పాపం."

"మరి నువ్వేం చేశావు మామా?" అన్నాడు పడవ నడిపే విల్బర్.

"'ఆగండ్రా!' అన్నాను. అలలు కూడా ఆగాయి. దీవి పన్నెండు వంతులనుకోండి. పెద్దోడికి ఆరు, చిన్నోడికి మూడు, ఇలారియాకి రెండు. మిగిలింది ఒకటేగా? 'తోబుట్టువు ఇంటి మీద రంపం ఎత్తినోడికి అందులో గడ్డిపరకైనా దక్కదు' అని ఆ ఒక్కటీ ఇలారియాకే ఇచ్చేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రంపం నేనే పట్టాను. ఎంత నున్నగా కోశానంటే, తుంగ తెగింది, కింద నీళ్లు తెగాయి, నీళ్లలో కనబడే ఆకాశమూ తెగింది!"

"చేపలో?" అన్నాడు విల్బర్.

"ఏ వాటాలో ఈదాలో తెలీక నా మొహం చూశాయి. మబ్బులో పావు ఇలారియాకొచ్చింది. ఇప్పటికీ అది ఆమె దుంపల మడి మీదే కురుస్తుంది, పక్కన చుక్క రాలదు. ఇక దీవి ముక్కలు విడివడి, దూదిపింజల్లా మెల్లగా పైకి లేచాయి. కొంగలు కిందనుంచి మమ్మల్ని చూస్తున్నాయి. సరస్సు దోసెడు నీళ్లంత అయిపోయింది. అన్నలిద్దరూ ఏడ్చి చెల్లెలి చేతులు పట్టుకున్నారు. నేనేమో నా ముక్క మీద వెల్లకిలా పడుకుని, తేలుకుంటూ తేలుకుంటూ రేవుకొచ్చేశాను."

అందరూ నీళ్లలో కదిలే మబ్బుల్నే చూస్తున్నారు. హెర్మెలిందా గ్లాసు కడుగుతూ అడిగింది.

"ఆరూ మూడూ, ఇలారియాకి రెండూ, పైన ఆ ఒకటీ... పన్నెండూ పంచేశావు కదన్నా. నువ్వు పడుకున్నది ఏ ముక్క?"

సెలెడోనియో బల్ల మీంచి కాళ్లు కిందికి దించాడు.

"అందుకే చెల్లెమ్మా," అన్నాడు, "ఇల్లు చేరేసరికి నిలువునా తడిసిపోయాను."