పటంలో మళ్లీ కట్టిన సందు

"గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి గానీ, రోడ్డు వెడల్పు చేస్తామని మన సందును కూల్చేశారు కదా, దాన్ని నేను ఇంటర్నెట్‌లో మళ్లీ కట్టాను," అన్నాడు అందరూ 'నినాదం' అని పిలిచే కుర్రాడు.

టీ కొట్టు బల్ల మీద కూర్చున్న దర్జీ బాబాయి గ్లాసు దించలేదు. "నువ్వు మీ గుమ్మం ఊడ్చిందే ఎవరూ చూడలేదు. సందెలా కట్టావురా?"

"పటం బాబాయ్, ఆన్‌లైన్ పటం. ఒక పట్టికలో ఇంటికో వరస చొప్పున ఎవరిల్లు, భూమి మీద ఎక్కడ, ఇప్పుడెక్కడున్నారు, అన్నీ రాసి ఎక్కించాను. ఇంటికో చుక్క వచ్చింది. నీ చుక్క నొక్కావనుకో, నీ కుట్టుమిషను, దాని మీద పడుకున్న పిల్లి ఫోటోతో సహా తెరుచుకుంటాయి. పటం పాలకుల సొత్తు కాదు, ప్రజల జ్ఞాపకం!"

"మరి నాది?" అంది టీ కొట్టు అక్క, పాలు తిరగబోస్తూ.

"నీది నొక్కితే ఆవిరి కూడా వస్తుందక్కా. ఊళ్లో ఉన్న ప్రతి గ్రూపులోనూ లింకు పెట్టాను. తెల్లారేసరికి చూసినవాళ్ల లెక్క తెరలో పట్టలేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నడిసముద్రంలో ఓడల కెప్టెన్లు దారి చూడటం మానేసి మన సందు చూస్తూ కూర్చున్నారు. ఓడలన్నీ ముక్కులు గుద్దుకున్నాయి."

"పాపం," అన్నాడు బాబాయి.

"అక్కడితో ఆగిందా? పైన తిరిగే ఉపగ్రహం కిందికి చూస్తే రోడ్డు, నా పటంలో చూస్తే ఇళ్లు. ఏది నిజమో తేలక మన నెత్తినే ఆగిపోయింది. కదల్చమని పెద్దపెద్దవాళ్లు బతిమాలారు. ముందు మా ఇళ్లు మాకివ్వండి, తర్వాత మీ ఆకాశం మీకిస్తానన్నాను. దెబ్బకి బుల్డోజరు వెనక్కి నడుచుకుంటూ వచ్చి గోడలన్నీ లేపింది."

"మేడ మీది ఇల్లు కూడా లేపిందా?" అంది అక్క.

కుర్రాడు తల దించుకున్నాడు. ఆ మేడ మీది అమ్మాయే అతనికి పుస్తకాలిచ్చేది. అతని నినాదాల్లో సగం వాటిలోవే. సామాను లారీకెత్తి ఆ ఇంటివాళ్లు ఎటు వెళ్లారో ఎవరికీ తెలియదు.

"ఆ చుక్క కింద ఒక పెట్టె పెట్టానక్కా, ఎక్కడున్నారో ఒక్క ముక్క రాయమని. లోకమంతా చూశాక ఆమె చూడకుండా ఉంటుందా? చూసే ఉంటుంది. రాయాలనిపించలేదేమో."

అక్క తన ఫోన్ తీసి అతని ముందు పెట్టింది. "నువ్వు గ్రూపులో పెట్టిన లింకు ఇదే కదా, ఎప్పుడు నొక్కినా 'మీకు అనుమతి లేదు' అంటుంది. చదువుకున్నవాళ్ల కోసమేమోలే అని ఊరుకున్నా."

"నాకూ అంతే," అన్నాడు బాబాయి. "ప్రజల పటం అంటే ఏ ప్రజలో అనుకున్నా."

అతను తన ఫోన్‌లో సెట్టింగులు తెరిచాడు. 'ఎవరు చూడవచ్చు' అన్నచోట 'నేను మాత్రమే' అని ఉంది, ఎక్కించిన రోజు నుంచీ.

"ఆ చూసిన జనమంతా నువ్వేరా," అన్నాడు బాబాయి మెల్లగా. "తెరిచినప్పుడల్లా ఒక అంకె పెరిగింది. ఇన్నాళ్లూ ఒక్కడివే ఆ మేడ కింద నిలబడ్డావు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. కానీ తల ఎత్తేసరికి ముఖం వేరేగా ఉంది.

"అయితే ఆమె చూసి ఊరుకోలేదు బాబాయ్. అసలు చూడనే లేదు."

"మరింకేం, తలుపు తియ్యి."

'అందరూ' అన్న అక్షరాల మీద వేలు పెట్టబోయి, అతను ఆగి చొక్కా సర్దుకున్నాడు.