గుట్ట దాక పోయొచ్చిన బిళ్ళ

వాన మొదలైతె కోతలరాయుడు పర్వతాలు నోరు విప్పుతడు. వాన ఆగినా ఆ నోరు ఆగదు. నారాయణపేటకు పోయే తొవ్వ మీద చాయ్ హోటల్ పెట్టుకున్న గులాం నబీకి ఈ సంగతి మంచిగ ఎరుకే. అందుకనే ఆ పొద్దు మబ్బు పట్టంగనే చాయ్ గిన్నెల ఇంకో రెండు చెంబుల నీళ్ళు ఎక్కువ పోసిండు. రేకుల కింద జనం జమైతరు, పర్వతాలు ముచ్చట చెప్తాంటే ఎవ్వడూ లేచిపోడు.

ఆ జనంల అంజయ్య గూడ ఉన్నడు. మిగిలినోళ్ళు నవ్వుకుందామని వచ్చిన్రు గని, అంజయ్య పని మీద వచ్చిండు. జొన్నచేన్ల మంచె ఎక్కి ఒడిసెల తిప్పిండంటే రాయి ఎక్కడ పడాల్నో అక్కడనే పడేది. గసుంటోడు పోయిన ఏడు దర్గ ఉర్సుల, కుంట అవతలికి రాయి ఇసిరే పందెంల పక్కూరి జానయ్య చేతుల ఓడిపోయిండు. ఏడాది పొడుగూత జానయ్య సంతల కనపడ్డప్పుడల్లా "చేయి బాగున్నదా అంజన్నా?" అని అడుగుడే. ఆ మాట యాదికొస్తె అంజయ్యకు అన్నం సైసకపోయేది. ఈసారి ఉర్సుల ఒడిసెలకు బదులు కొత్త పందెం పెట్టిన్రు. దుబాయిల పనిచేసే అహ్మద్ అలీ తెచ్చిన, ఒక దిక్కు గుంతున్న గుండ్రటి ప్లాస్టిక్ ఇసురుడు బిళ్ళ లెక్కటిది ఎవనిది వాడు తెచ్చుకోవాలె, ఒక్కటంటె ఒక్కపారే ఇసరాలె. పందెం రేపే. "ఇప్పుడు గూడ ఓడితె ఇగ మంచె ఎక్క" అని అంజయ్య పెండ్లాం యాదమ్మ ముంగట ఒట్టేసి వచ్చిండు.

అహ్మద్ అలీ తెచ్చినయి రెండు బిళ్ళలు. రెండూ నీలం రంగే, రెండూ ఒక్క తీరుగనే ఉన్నయి. ఒకదాని మీద బంగారు అక్షరాలు, ఇంకోదాని మీద వెండి అక్షరాలు, గంతే ఫరక్. అహ్మద్ అలీ బెంచీ చివరకు సంచి పట్టుకొని బస్సు కోసం కూసున్నడు. "ఒకటి నువ్వు ఉంచుకో అంజన్నా, ఒకటి నారాయణపేటల మా అక్క కొడుక్కు ఇయ్యాలె. బస్సు వచ్చేలోపల తేల్చుకో" అన్నడు. పోనీ ఇసిరి చూద్దామంటె బయట వాన దంచుతాంది. అహ్మద్ అలీ దుబాయి సముద్రం ఒడ్డున దొరలు ఇసురుకుంటాంటే చూసిండు గని, తాను ఎన్నడూ ఇసరలె. ఊరికి వచ్చినప్పుడు "జర పైలంగ ఉంచు" అని రెండూ పక్కింటి పర్వతాలు చేతుల పెట్టిండు. అప్పటిసంది ఆయన ఇంట్లనే ఉన్నయి, ఇయ్యాల్నే హోటల్‌కు పట్టుకొచ్చిండు. అంటె ఆ రెండు బిళ్ళల సంగతి చెప్పాల్నంటె ఊరు మొత్తంల పర్వతాలు ఒక్కడే చెప్పాలె. ఇన్ని కోతలల్ల ఒక్క నిజమన్న దొరకకపోతదా అని అంజయ్య ఆయన ముంగటనే కూసున్నడు.

"మామా, రెండిట్ల ఏది సీదా పోతది?"

"గట్ల ఒక్క ముక్కల చెప్పేదేనా అల్లుడా? గిది ఇల్ము, పెద్ద విద్య!" పర్వతాలు చాయ్ సాసర్ల పోసుకొని జుర్రిండు. "గీ బంగారు అక్షరాలది ఉన్నది సూడు, గిది పెద్దమనిషి. పెట్టినకాడ పెట్టినట్టు ఉంటది. వెండిది జర ఉషారు. మొదాలు మంచిగనే ఉంటది, బరువు పడ్డంక ఎడమ దిక్కుకు మొగ్గుతది."

"ఏం బరువు మామా?"

"ఏం బరువంటె... గాలి బరువు! గాలికి బరువుండదా?"

అంజయ్య ఆ మాట మనసుల పెట్టుకున్నడు. "మరి చేతికి ఎట్లుంటది?"

"వెండిది చేతికి కాలది. బంగారుది జర కాలుతది."

"ఇసిరే బిళ్ళ కాలుడేంది?" అన్నడు గులాం నబీ.

"గంత జోరుగ పోతాంటే కాలదా చాచా? నీ చాయ్ అంటే సల్లగ ఉంటది గని!" అందరూ నవ్విన్రు. పర్వతాలు కండువా సర్దుకున్నడు. "మొదటి పొద్దు ఏమైందంటె, నేను మా చేను గట్టు మీద నిలవడి వెండిదాన్ని ఊకెనే, సగం చేత్తోని ఇసిరిన. పక్క చేన్ల చింతచెట్టు దాక పోయింది. గంతే, ఎక్కువ చెప్పను, నాకు కోతలు రావు. గని పోయిన బిళ్ళ ఉత్తగ రాలె, రెండు చింతకాయలు కోసుకొని నా కాళ్ళ కాడ వచ్చి పడ్డది. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? నాకు రోషమొచ్చింది. చింతకాయలకేనా నా చేయి అని బంగారుదాన్ని తీసిన. ఒక్క తిప్పుడు తిప్పి ఇడిసిన! నారాయణపేట మీదికెల్లి పోతాంటే ఆడ మగ్గాల సాలోళ్ళు చీరెలు ఆరేసిన్రంట, ఆ గాలికి చీరెలన్నీ లేచి మల్ల మడత పడ్డయంట!"

"మడత గూడ పెట్టిందా?"

"ఇస్త్రీ మడత! పాలమూరు దాటింది, మూసీ దాటింది, భువనగిరి గుండు కాడికి పోయింది. గంత పెద్ద గుండు అడ్డం ఉన్నది. ఏం జేస్తది? ఎడమకు తిరిగి గుండు సుట్టు ఒక సుట్టు కొట్టి, ఖిల్లా మీదికెల్లి మల్ల నా దిక్కే వచ్చింది."

అంజయ్యకు తల తిరిగింది. "ఆగు మామా, ఎడమకు మొగ్గేది వెండిదంటివి. ఇప్పుడు బంగారుది ఎడమకు తిరిగింది అంటున్నవు?"

"గుండు అడ్డమొస్తె తిరగదా మరి? పోయి తలకాయ పగలగొట్టుకుంటదా?"

రోడ్డు మీద ఏదో బండి చప్పుడైంది. అంజయ్య గబుక్కున రోడ్డు దిక్కు మలిగిండు. బస్సు కాదు, లారీ. టైము అయిపోతాంది, ఏ బిళ్ళ ఎటు పోతదో ఇంక తెలువకపాయె. "మామా, నీకు దండం పెడత, జర ఎట్ల పట్టుకున్నవో చూపెట్టు. చూస్తెనన్న నాకు అర్థమైతది."

పర్వతాలు వెండి బిళ్ళను అరచేతుల పెట్టుకొని, గుంత పైకి ఉండేటట్టు పట్టి చూపెట్టిండు. అహ్మద్ అలీ ఒక్కపారి సంచి ఇడిసి లేచిండు.

"అరె భాయ్, ఉల్టా పట్టినవు! గుంత భూమి దిక్కు ఉండాలె. లోపలి అంచుకు వేళ్ళు తగిలిచ్చి ఇసరాలె. ఇట్ల ఇసిరితె ఇంటి ముంగట్నే పడ్తది."

అందరూ పర్వతాలు దిక్కు చూసిన్రు. ఇగ దొరికిండు అనుకున్నరు. పర్వతాలు కండ్లు గూడ ఆర్పలె.

"మరి ఉల్టా ఇసిరితేనే భువనగిరి పోయొచ్చిందంటె నా చేయి ఎసుంటిదో సమజ్ చేస్కోరాదు? సీదా ఇసిరి ఉంటె మీ దుబాయిల పడేది! అసలు నేను కావాల్నని ఉల్టా ఇసిరిన. ఎందుకో ఎర్కేనా? అల్లుడా, మా ఇంటామె, మీ అత్త గుర్వమ్మ ఆ పొద్దు ఒక్కపొద్దు ఉన్నది. ప్రసాదం కావాలె అన్నది. నేను వెండిదాన్ని గుంత పైకి పెట్టి యాదగిరిగుట్ట దిక్కు ఇసిరిన. ఆడ ప్రసాదం లైన్ల దిగింది. ముంగట ఇరవై మంది ఉంటె లైన్ తప్పకుంట వాళ్ళ ఎనుకనే జరుక్కుంట పోయింది. అయ్యగారు భక్తుడే అనుకొని నిండ పులిహోర పెట్టిండు. అట్లనే లేచి మా అరుగు మీదికి వచ్చింది, ఒక్క మెతుకు కింద పడలె. మీ అత్త కండ్లకద్దుకొని తిన్నది!"

హోటల్ హోటలంత నవ్వు. అహ్మద్ అలీ కండ్లల్ల నీళ్ళొచ్చినయి. అంజయ్యకు మాత్రం నవ్వు రాలె. పర్వతాలు చేతులకెల్లి వెండి బిళ్ళను తీసుకొని, అహ్మద్ అలీ చెప్పినట్టు గుంత కిందికి మలిపి, లోపలి అంచుకు వేళ్ళు పెట్టిండు. వేళ్ళకు ఏదో గరుకు తగిలింది. గోరుతోని గీకితే పసుపుపచ్చగ పొక్కు లేచింది.

"అగో! గదే పులిహోర!" అన్నడు పర్వతాలు సంబురంగ. "అయ్యగారు పెట్టింది. నేను చెప్తె నమ్మరైతిరి!"

అంజయ్య ఆ గోరును ముక్కు కాడ పెట్టుకున్నడు. బంగారు బిళ్ళను గూడ మలిపి గీకిండు. దాంట్ల గూడ గదే పసుపు, గదే వాసన.

"మామా, గుట్ట ప్రసాదంల ఎల్లిగడ్డ ఎప్పటిసంది వేస్తున్నరు?"

పర్వతాలు చాయ్ సాసర్ దిక్కు చూసిండు, అది ఖాళీగనే ఉన్నది. దూరం నుంచి బస్సు హారన్ ఇనిపించింది. అహ్మద్ అలీ సంచి భుజానికేసుకున్నడు.

అంజయ్య రెండు బిళ్ళలనూ పర్వతాలు ముంగట బెంచీ మీద పెట్టి, దగ్గరికి జరిగి మెల్లగ అడిగిండు.

"ఊరు నవ్వనియ్యి మామా, నేను నవ్వ. ఇయి నువ్వు ఒక్కనాడు గూడ ఇసరలె, ఇంట్ల పల్లేలు చేస్కున్నరు. మంచిదే. ఒక్కటే నిజం చెప్పు, రేపు నా పరువు దీని మీదనే ఉన్నది. అత్త పప్పు పోసినప్పుడు ఏ పల్లెంల పప్పు ఒక్క దిక్కుకు పారుతది?"

బస్సు వచ్చి హోటల్ ముంగట ఆగింది. కండక్టర్ ఒర్రుతాండు. పర్వతాలు రెండు బిళ్ళల దిక్కూ మార్చి మార్చి చూసిండు. ఆఖరికి గొంతు తగ్గించి, ఆ పొద్దుల మొదటిపారి చేతులు ఊపకుంట మాట్లాడిండు.

"బంగారుదాంట్ల. మీ అత్త ఒకపారి పొయ్యి గడ్డ మీద పెట్టి మరిచింది, సెగకు ఒక అంచు వంగింది. అప్పటిసంది అంతా ఎడమకే పారుతది. నేను తినేది వెండిదాంట్లనే, దాంట్ల ఎన్ని నీళ్ళు పోసినా కదలయి."

అంజయ్య బంగారు బిళ్ళ అహ్మద్ అలీ చేతుల పెట్టిండు. వెండిదాన్ని అంగీ లోపల దాచుకొని వానలకు దిగిండు. నాలుగడుగులు వేసిండో లేదో ఎనుకకెల్లి పర్వతాలు కేకేసిండు.

"అల్లుడా, గెలిచినంక దాన్ని జర కడిగి జల్ది తెచ్చియ్యి! రేపు మా ఇంటికి సుట్టాలొస్తున్నరు, పల్లేలు తక్కువున్నయి."