సర్వేరాయికి పసుపు

ఊరి వెనక ఇసుకదిబ్బ మీద రైల్వేవాళ్లు ఎప్పుడో పాతిపోయిన సర్వేరాయికి అమ్మ ప్రతి శుక్రవారం పసుపు పూస్తుంది. నెల్లూరు కాలేజీలో చేరడానికి సోమవారమే ఆఖరు కావడంతో, పక్కన నిలబడిన కూతురికి కాలు నిలవడం లేదు.

"ఈ ఏడు గూడా రైలు లైనుకు డబ్బులియ్యలేదంటమా. మళ్లా సర్వేకే ఇచ్చినారంట, పేపర్లో ఏసినారు."

"సర్వేకు ఇచ్చినోళ్లు లైనుకు ఇయ్యకుండా పోతారా? ఆ కుంకుమ ఇట్టియ్యి."

"నేను పుట్టకముందు నించీ సర్వేనే గదా. రైలొచ్చినాక కాలేజీకి పంపిస్తానంటివి. నా తల నెరిసినా వాళ్లు సర్వేనే చేస్తా ఉంటారు."

"నోరు ముయ్యిమే. తల్లి ముందర అట్టా అనబాక."

"తల్లేందిమా, అది రైల్వే రాయి. నువ్వు మొక్కితే రైలొస్తాదా?"

అమ్మ చెయ్యి రాయి మీదే ఆగిపోయింది.

"రావాలని ఎవరు మొక్కినారు?"

కూతురికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక అమ్మ ముఖంలోకి చూడలేకపోయింది.

"ఇన్నాళ్లూ రాకూడదనా?"

"వస్తే నువ్వు పోతావు గదా. మీ నాయన సముద్రం మీదికి చేపల వేటకు పోతే, నాతో మాట్లాడేదానికి ఇంట్లో ఎవరుండారు?"

"రైలు రాకపోయినా పోతానుమా. వాకాడు పోయి నెల్లూరు బస్సెక్కుతా."

అమ్మ చేతికి మిగిలిన పసుపును చీర చెంగుకు తుడుచుకుంది.

"బస్సులో తలుపు కాడ నిలబడబాక," అంది.