వరుసలో ఆమె బ్యాట్

ఫ్లోరిడాలో, టెన్నిస్ లాంటి పికిల్‌బాల్ ఆడే ఒక కోర్టు పక్కన, కోచ్ అమ్మకానికి పరిచిన బ్యాట్లను ఒకావిడ విసురుగా ఎత్తి చూస్తోంది.

"నాలుగు పాఠాలు చెప్పావు. అయినా వంతు కోసం వరుసలో నా బ్యాట్ పెట్టగానే, నాతో కలిసి ఆడాల్సి వస్తుందని పక్కనున్నవాళ్లంతా వాళ్లవి తీసేసుకుంటున్నారు. రంగు చూసే గుర్తుపడుతున్నారు. వేరేది ఇవ్వు!"

"బ్యాట్ మారిస్తే వాళ్ల కోపం పోతుందా మేడమ్? ఎనభై ఏళ్ల వెల్మా గారి గుండెలకేసి బంతి కొట్టారు మీరు."

"గీత మీద పడ్డ నా బంతిని బయట పడిందంది, దొంగమొహంది!"

"గీత మీదే పడింది. నేనూ చూశాను."

"మరి అప్పుడు నోరు మూసుకున్నావేం?"

వెల్మా మాట మీద పన్నెండుమంది వచ్చి కోచ్ దగ్గర నేర్చుకుంటున్నారు. ఈవిడ మాట మీద ఒక్కరూ రాలేదు.

"ఈ తేలికది తీసుకోండి, మీ మణికట్టుకు సరిపోతుంది."

"నాకేం వద్దు. వెళ్లి వరుసలో నా పక్కన నీ బ్యాట్ పెట్టు, చూస్తాను."

కోచ్ బ్యాట్లన్నీ సంచిలో సర్దుకోసాగాడు.